వాగు ఒడ్డు భూముల గురించి ఆ మెసేజ్ నమ్మి పైసలు పెట్టకండి

మన నల్లగొండ, పాలమూరు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "వాగు ఒడ్డు భూమి అంటే ఒండ్రు భూమి, ఎంత లోతు తవ్వినా అదే మట్టి. ఏటా వరద కొత్త మట్టి తెచ్చి పోస్తుంది కాబట్టి ఎరువు అక్కర్లేదు. నీళ్లు గబగబా ఇంకుతున్నాయంటే మట్టిలో బలం లేనట్టు, చెరువు మట్టి తోలి వరి పెట్టుకోవాలి. పక్కనే వాగు ఉంది కాబట్టి బోరు ఎండదు. ఇసుక తీసినా మళ్లీ వరదకు వస్తుంది. భూసార పరీక్ష దండగ." దాని సారాంశం ఇదీ. ఇది చూసి ఎకరం, రెండెకరాలు కొనేవాళ్లున్నారు, ఉన్న మంచి నేలను చేతులారా పాడు చేసుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నా.

"ఎంత లోతు తవ్వినా అదే మట్టి" అనేది అన్నిటికంటే పెద్ద అబద్ధం. కృష్ణా, గోదావరి డెల్టాలో ఒండ్రు మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది, మనకు అట్లా లేదు. మనది గ్రానైటు నేల. దిక్కు దిక్కునా గుట్టలు, మధ్యలో సన్నటి లోయలు, వాటిలో డిండి, హాలియా లాంటి వాగులు, వాటిలో కలిసే వందల ఒర్రెలు. ఇట్లాంటి ఇరుకు లోయలో మంచి గరప నేల (ఇసుక, ఒండ్రు, బంక తగుపాళ్లలో కలిసిన నేల) ఒక సన్నటి పట్టీ మాత్రమే. వరద ఒడ్డు దాటగానే దాని వేగం తగ్గుతుంది, బరువైన ఇసుక అక్కడే పడిపోతుంది. కాస్త దూరం పోయాక సన్న ఇసుక, ఒండ్రు (ఇసుక కంటే సన్నటి, బంక కంటే పెద్ద రేణువులు), బంకమట్టి కలిసి దిగుతాయి, గరప నేల తయారయ్యేది ఆ జాగాలోనే. ఇంకా అవతలికి, గుట్ట మొదట్లోకి పోతే పైనుంచి వాన కొట్టుకొచ్చిన ఎర్ర చల్క (తేలికపాటి ఎర్ర మట్టి), మొరం కలిసిపోయి ఉంటాయి, లేదా జాలు పట్టి (నీళ్లు ఊరి నిలిచి) ఉంటుంది. ఒకే ఎకరంలో ఈ మూడూ ఉండొచ్చు. కాబట్టి "వాగు పక్క భూమి" అన్న మాటతో ధర కట్టడం నాకు అర్థమే కాదు.

లోతు సంగతి చూడాలంటే ఎండాకాలంలో ఒడ్డు కోసుకుపోయిన చోట దిగి, కొడవలితో ఆ గోడను కొంచెం చెక్కి చూడండి. పైన మూరెడు గోధుమ రంగు మట్టి, వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలుతుంది, వానపాముల బొక్కలు కనిపిస్తాయి. దాని కింద బెత్తెడు గరుకు ఇసుక. మళ్లీ జానెడు మెత్తటి నల్ల మట్టి, ఇది ఏనాటిదో పాత వరద దించిపోయినది. దాని కింద పలుగురాళ్లు, గులకరాళ్లు, ఆ తర్వాత మొరం. మక్క వేర్లు పై మట్టిలో నిటారుగా దిగి, ఇసుక పొర దగ్గరికి రాగానే పక్కకు తిరిగి పాకడం కూడా కనిపిస్తుంది. సన్న మట్టి కింద గరుకు ఇసుక ఉంటే, పై పొర బాగా తడిసి నిండేదాకా నీళ్లు కిందికి దిగవు, అందుకే వేర్లు పైనే ఆగిపోతాయి. పైపైన ఒక గుప్పెడు మట్టి చూసి ఈ సంగతి ఎవరూ చెప్పలేరు. బత్తాయి పెట్టేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ చెట్టు మీ దగ్గర ఒక్క యాసంగి కాదు, ఏళ్ల తరబడి నిలబడాలి.

ఇక ఎరువు మాట. వరద తెచ్చేది పై పొలాల్లో కొట్టుకుపోయిన మట్టే కదా, మరి మన పై పొలాలు ఏమిటి? చల్క, దుబ్బ (ఇసుక నేల). వాటిలోనే నత్రజని తక్కువ, జింకు లోపం ఉంది, ఈ ఎండలకు సేంద్రియ పదార్థం తొందరగా కాలిపోతుంది. గ్రానైటులోని ఖనిజాల వల్ల పొటాష్ కొంత రావచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ నత్రజని వరదతో వచ్చి పడుతుందని యూరియా, పెంట (పశువుల ఎరువు) రెండూ మానేస్తే రెండో పంటకే మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. ఇంకో సంగతి, పైన గొలుసుకట్టు చెరువులు, చెక్‌డ్యాములు ఉన్నచోట సన్నటి ఒండ్రు వాటిలోనే దిగిపోతుంది. పెద్ద వరదకు కింది పొలానికి వచ్చేది చాలాసార్లు వట్టి ఇసుక. 2020 అక్టోబరు వానలకు మూసీ పొంగడం అందరూ చూశారు, అట్లాంటి వరద తర్వాత ఇసుక మేట వేసిన పొలంలో నిలబడి "కొత్త మట్టి వచ్చింది" అని ఏ రైతూ సంతోషపడడు. ఆ ఇసుకను ట్రాక్టర్‌తో ఎత్తించి పోయడానికే పెట్టుబడి అయిపోతుంది.

"నీళ్లు ఇంకుతున్నాయంటే బలం లేదు" అన్నది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. గరప నేలకు ఉన్న గొప్ప గుణమే అది. ఎక్కువైన నీళ్లు కిందికి పోతాయి, కావాల్సినవి మట్టిలో నిలుస్తాయి, వేర్లకు గాలి ఆడుతుంది. ఒక మీటరు లోతు గరప నేల మొక్కకు అందే నీళ్లను 100 నుంచి 175 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది, ఇసుక నేల 25 నుంచి 100 వరకే. అంటే 60 సెంటీమీటర్ల వేరు లోతులో 60 నుంచి 105 మిల్లీమీటర్లు. అందులో సగం అయ్యాక మళ్లీ తడి పెట్టాలనుకుంటే, పంట రోజుకు 5 మిల్లీమీటర్లు తాగినా ఆరు నుంచి పది రోజులు ఆగొచ్చు. ఇది బలం లేని మట్టి ఎట్లా అవుతుంది?

నీళ్లు దిగే నేలా, జాలు పట్టే నేలా అని తేల్చడానికి రంగు చూస్తే చాలావరకు తెలుస్తుంది. మీటరు లోతు గుంత తీయండి. పైనుంచి కిందిదాకా ఒకే గోధుమ రంగో, ఎరుపు కలిసిన గోధుమ రంగో ఉంటే గాలి ఆడుతున్నట్టు. మధ్యలో బూడిద రంగు, దాంట్లో తుప్పు మచ్చలు కనిపిస్తే ఏడాదిలో కొన్నాళ్లు అక్కడిదాకా నీళ్లు నిలుస్తున్నట్టే. అట్లాంటి చోట బత్తాయి పెట్టకండి, వేరుకుళ్లు, చెట్టు మానుకు బంక కారడం మొదలైతే తోట దక్కదు.

చెరువు మట్టి చెడ్డదని నేను అనడం లేదు. మిషన్ కాకతీయలో (తెలంగాణ ప్రభుత్వ చెరువుల పూడికతీత పథకం) తీసిన పూడిక మట్టి చల్కలకు, దుబ్బలకు తోలుకున్నవాళ్లు బాగుపడ్డారు, ఎందుకంటే వాటికి నీళ్లు పట్టే గుణం లేదు. కానీ చెరువు మట్టి నిలకడ నీళ్లలో దిగిన సన్నటి బంకమట్టి. దాన్ని తీసుకుపోయి ఇప్పటికే సమపాళ్లలో ఉన్న గరప నేల మీద మందంగా పోస్తే గాలి, నీరు ఆడే దారులు మూసుకుపోతాయి. ఆపైన వరి కోసం కరిగెట చేస్తే (నీళ్లు పెట్టి బురదగా దున్నితే) పొడిపొడిగా ఉన్న మట్టి కట్టు చెదిరిపోతుంది, కింద గట్టి పొర కడుతుంది. తర్వాత యాసంగిలో పల్లి వేద్దామన్నా ఊడలు (చివర కాయ కట్టే కాడలు) భూమిలోకి దిగవు, పీకితే కాయ భూమిలోనే తెగిపోతుంది. 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే పాలమూరులో, నీళ్లు ఇంకే నేలలో బోరు పెట్టి వరి పండించడం ఎంత ఖర్చో లెక్క వేసుకోండి. పల్లి, మక్క, కూరగాయలు, బత్తాయి ఈ నేలకు సరిపోయే పంటలు.

బోరు విషయం రెండు ముక్కల్లో చెప్తా. మన బోర్లు పై మట్టి దాటి గ్రానైటులోకి దిగుతాయి, అక్కడ నీళ్లుండేది రాయి పగుళ్లలో. పైన ఎంత మంచి ఒండ్రు ఉన్నా పగులు తగలకపోతే నీళ్లు పడవు. ఫ్లోరైడ్ కూడా ఆ రాయిలోంచే వస్తుంది కాబట్టి వాగు పక్క బోరైనా తాగే ముందు పరీక్ష చేయించాల్సిందే, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు.

ఇసుక తీసినా నష్టం లేదట. వాగు అడుగున ఉండే ఇసుక నీళ్లను దాచిపెడుతుంది, ఎండాకాలం చెలిమ తవ్వితే ఊట వచ్చేది అందుకే. దాన్ని మూడడుగులు తోడేస్తే వాగు అడుగు కిందికి పోతుంది, పక్క పొలాల్లోని నీటిమట్టం కూడా దాంతోపాటే దిగి, మట్టిలోని తడి వాగులోకి జారిపోతుంది. ఒడ్డుకు అడుగున ఆసరా పోయి వానకాలంలో పెళ్లలు పెళ్లలుగా కూలుతుంది. కూలేది ఆ సన్నటి గరప పట్టీయే. ఒక్కసారి పోయిన మట్టి మన జీవితకాలంలో తిరిగి రాదు. 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం తెచ్చింది కూడా ఇట్లాంటి నష్టాలు చూసే. మీ వాగులో రాత్రిపూట ట్రాక్టర్లు తిరుగుతుంటే పోయేది మీ పొలమేనని తెలుసుకుని ఊరంతా కలిసి అడగండి.

చివరిది, పరీక్ష దండగ అన్న మాట. ముందు ఇంట్లోనే ఒకటి చేసుకోవచ్చు. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతాది నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంక మరునాటికి. ఇసుక, ఒండ్రు పొరలు దగ్గర దగ్గరగా ఉండి బంక పొర వాటికంటే బాగా పలుచగా ఉంటే గరప నేలే. ఆ తర్వాత ల్యాబుకు పంపేటప్పుడు పొలమంతా కలిపి ఒక్క నమూనా తీయకండి. ఒడ్డు దగ్గరిది, మధ్యది, గుట్ట వైపుది విడివిడిగా మూడు సంచుల్లో పంపండి, తోట పెట్టేవాళ్లయితే ప్రతి అడుగు లోతుకూ వేరే నమూనా తీసి ఏది ఎంత లోతుదో సంచి మీద రాయండి. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ వస్తే ఆ ముక్కలో ముందు పెంట, పచ్చిరొట్ట వేసి, మిగతా ఖర్చు తర్వాత చూసుకోండి.