పప్పుండల్ని వేయించకండి, దండం పెడతా

పప్పుండల పులుసు, అంటే రుబ్బిన పప్పుని ఉండలు చుట్టి వేసే పులుసు, అని వీడియో పెడతారు. చూస్తే ఉండల్ని ముందు నూనెలో ఎర్రగా వేయించి, తర్వాత పులుసులో పడేస్తారు. అది పప్పుండల పులుసు కాదండీ, పులుసులో నానిన మసాలా వడ. ఇంకొకావిడ "విరిగిపోకుండా రెండు స్పూన్ల కార్న్‌ఫ్లోర్" అంటుంది. శనగపప్పుకి కార్న్‌ఫ్లోర్ దగ్గర చేయి చాచే గతి ఎప్పుడు పట్టిందో!

మాది చిత్తూరు వైపు. మా ఇంట్లో పచ్చి ఉండ నేరుగా మరిగే పులుసులోకే వెళ్తుంది. అందులోనే ఉడుకుతూ పులుపూ కారమూ లోపలికి పీల్చుకుంటుంది. దాన్నుంచి కాస్త పిండి జారి పులుసు చిక్కబడుతుంది. వేయించిన ఉండకి పైన పెచ్చు కట్టేస్తుంది, ఇక పీల్చేదేంటి, ఇచ్చేదేంటి?

"విరిగిపోతేనో?" అంటారు. నాకూ విరిగాయి. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఆఫీసువాళ్లు భోజనానికొచ్చిన రోజున పన్నెండు ఉండలు వేశాను. మూత తీస్తే ఒక్కటీ లేదు, గిన్నె నిండా పసుపుపచ్చటి గుజ్జు. ఫోన్ చేస్తే అమ్మ అడిగింది ఒక్కటే: "మిక్సీ తిరగట్లేదని నీళ్లు పోశావు కదూ?"

పోశాను. పావు గ్లాసే.

కిటుకంతా అక్కడే ఉంది. గ్లాసు శనగపప్పు, అర గ్లాసు కందిపప్పు రెండు గంటలు నానాక జల్లెడలో వేసి, చుక్క నీరు లేకుండా వార్చాలి. ఎండుమిర్చి, జీలకర్ర, ఇంగువ, ఉప్పుతో ఆపి ఆపి తిప్పాలి. అంతా బరకగా ఉంటే అతుక్కోదు, మరీ మెత్తగా రుబ్బితే ఉండ రాయైపోతుంది. గుప్పిట్లో నొక్కితే వేళ్ల అచ్చులు పడి అలాగే నిలవాలి. అప్పుడు ఉల్లిపాయ, కరివేపాకు సన్నగా తరిగి కలిపి, నిమ్మకాయంత ఉండలు చుట్టుకోవాలి.

పులుసు చారంత పలుచగా ఉండాలి, ఉండలు చాలా తాగేస్తాయి. తెర్లుతున్నప్పుడు ముందు ఒక్కటే వేసి చూడండి. అది నిలిచి పైకి తేలితే మిగతావి ఒక్కొక్కటే వదలండి. గరిటె మాత్రం ముట్టుకోవద్దు! మరీ భయమైతే ఇడ్లీ రేకుల మీద పది నిమిషాలు ఆవిరి పట్టుకోండి, దానికి నేనేమీ అనను. రుచి ఒక మెట్టు తగ్గుతుంది, అంతే.

ఆ రోజు వచ్చినవాళ్లు మాత్రం "పప్పుచారు అదిరిందండీ" అంటూ మారు అడిగి మరీ పోయించుకున్నారు. నేను కాదనలేదు.