71 పేజీల పశ్చాత్తాపం గారికి

మహారాజశ్రీ నివేదిక గారికి,

ఉభయకుశలోపరి. 2018 డిసెంబరులో అమెరికాలోని లూయీవిల్ నగరంలో సదరన్ బాప్టిస్టు థియొలాజికల్ సెమినరీ, అంటే పాస్టర్లని తయారుచేసే కాలేజీ, తన చరిత్రలోని బానిసత్వం, జాతివివక్షల గురించి మిమ్మల్ని రాయించి విడుదల చేసినప్పటి నుంచి మీరంటే నాకు గౌరవమే. 71 పేజీల్లో ఎక్కడా నీళ్లు నమల్లేదు. సెమినరీ పెట్టిన నలుగురు పెద్దల దగ్గర కలిపి 50 మందికి పైగా బానిసలు ఉండేవారని రాశారు. 1880లో సంస్థ మూతపడే స్థితిలో ఉంటే జోసెఫ్ బ్రౌన్ అనే గనుల యజమాని 50,000 డాలర్లిచ్చి ఆదుకున్నాడు కదా, ఆ డబ్బు ఎలాంటిదో కూడా దాచలేదు. ఖైదీల్ని, అందులోనూ ఎక్కువగా నల్లవాళ్లని, అద్దెకు తెచ్చి జార్జియా బొగ్గు గనుల్లో గొడ్డుచాకిరీ చేయించి కూడబెట్టిన సొమ్ము. మీరు ఇంత చెప్పాక కూడా బ్రౌన్ పేరిట ఉన్న ప్రొఫెసర్ పదవి 2020 దాకా సెమినరీ అధ్యక్షులవారి దగ్గరే ఉంది. బహుశా మిమ్మల్ని పూర్తిగా చదవడానికి టైమ్ పట్టిందేమో.

అక్కడివాళ్లకి క్షమాపణలు కొత్త కాదు లెండి. 1961లో సెమినరీ మార్టిన్ లూథర్ కింగ్‌ని ప్రసంగానికి పిలిస్తే దక్షిణాది చర్చీలు కొన్ని విరాళాలు ఆపేశాయి. ట్రస్టీలు ఆలస్యం చేయకుండా విచారం తెలిపారు, ఆయన్ని పిలిచినందుకు! బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ చెప్పడానికి మాత్రం వారి మాతృసంస్థ, అంటే చర్చీల సమాఖ్య అయిన సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్‌కి, పుట్టిన 1845 నుంచి 1995 దాకా, అంటే 150 ఏళ్లు పట్టింది.

సరే, అసలు సంగతికొస్తాను. అదే ఊళ్లో సిమన్స్ కాలేజీ ఉంది. బానిసత్వం పోయాక నల్లజాతి బాప్టిస్టులు తమకోసం తాము పెట్టుకున్నది. సెమినరీ నిధుల్లో కొంత దానికివ్వమని 2019లో పాస్టర్లు అడిగారు. పరిహారం సరైన మార్గం కాదని జవాబొచ్చింది. అదే ఏడాది వర్జీనియా సెమినరీ 17 లక్షల డాలర్లు, ప్రిన్స్‌టన్ సెమినరీ 2 కోట్ల 76 లక్షలు పరిహార పనులకు కేటాయించాయి. వాళ్ల బైబిలు వేరేమో!

2020లో మీవాళ్లకీ మనసు కరిగింది. నల్లజాతి విద్యార్థుల స్కాలర్‌షిప్పులకి 50 లక్షల డాలర్ల దాకా అన్నారు. షరతొక్కటే, వాళ్లు ఆ సెమినరీలోనే చదవాలి. కుడి జేబులోది ఎడమ జేబులోకి! భవనాలకి మాత్రం బానిసల్ని ఉంచుకున్న ఆ నలుగురు స్థాపకుల పేర్లూ అలాగే ఉంచారు. మరుసటి నెలే కన్వెన్షన్‌కి ఉన్న ఆరు సెమినరీల అధ్యక్షులూ కలిసి, జాతివివక్ష చట్టాల్లో, వ్యవస్థల్లోనే పాతుకుపోయిందనే క్రిటికల్ రేస్ థియరీ మా విశ్వాసానికి పొసగదని ప్రకటించారు. కొందరు నల్లజాతి పాస్టర్లు దండం పెట్టి కన్వెన్షన్ నుంచి బయటికొచ్చేశారు.

ఇలా బయటికి రావడం నల్లజాతి క్రైస్తవులకి పాత అలవాటే. పూర్వం ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో మోకరించి ప్రార్థిస్తున్న నల్లజాతి భక్తుడు అబ్సలొం జోన్స్‌ని తెల్లవాళ్లు చెయ్యి పట్టి లేపబోయారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నాడు, ఆగలేదు. రిచర్డ్ అలెన్‌తో సహా అక్కడున్న నల్లవాళ్లంతా లేచి వెళ్లిపోయారు. 1816లో అలెన్ నాయకత్వాన ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ చర్చి ఏర్పడింది.

ఒక్క మనవి. మిమ్మల్ని మళ్లీ అచ్చేయిస్తే 72వ పేజీ చేర్పించండి. అందులో రాత అక్కర్లేదు, సిమన్స్ పేరిట చెక్కు అతికిస్తే చాలు.

చిత్తగించవలెను.