ఫాల్స్ సీలింగు భక్తులకు

ఈ ఉదయం ఒక ఇంటీరియర్ డిజైనర్‌గారు హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చి, బూట్లయినా విప్పకుండా మొజాయిక్ గచ్చు మీద నిలబడి, పైకి ఒకసారి చూసి, "ఇంత ఎత్తు శుద్ధ వేస్టు మేడమ్, 9 అడుగులకు ఫాల్స్ సీలింగ్ దించేద్దాం" అని సెలవిచ్చారు. ఆయన వెళ్లి ఇంతసేపైనా నాకు ఒళ్లు మంట తగ్గలేదు. మేము ఆయనను పిలిచింది పిల్లకు చదువుకునే బల్ల, మా అత్తగారికి సులువుగా లేవగలిగే మంచం, సరిపడా ప్లగ్ పాయింట్లు కావాలని మాత్రమే.

1940లలో మా మామగారి తండ్రి ఒక ఆర్కిటెక్టు చేత గీయించుకుని కట్టించిన ఇల్లు ఇది. ఆయన 13 అడుగుల ఎత్తు డాబు కోసం పెట్టలేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్లో గదిలోని వేడిగాలి పైకి లేచి కప్పు కింది వెంటిలేటర్లలోంచి బయటపడుతుంది, ఆ ఖాళీలోకి వరండా నీడలో కాస్త చల్లబడిన గాలి కిటికీలలోంచి వస్తుంది. ఆ కిటికీల మీద ఎండ పడకుండా గుండ్రంగా తిరిగిన ఛజ్జా ఉంది. ఇవన్నీ జిప్సం బోర్డు వెనుక పూడ్చిపెట్టి, ఆ తరువాత ఉక్కపోస్తోందని ఏసీ పెట్టించుకోవడాన్ని ఇప్పుడు సౌకర్యం అంటున్నారు. 1908 మూసీ వరద తరువాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీల స్థానంలో గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించిన నగరంలో ఉన్నాం కదా, అందుకని వెంటిలేటర్లు మూసుకుందాం!

ఆయన గీసి చూపిన ఎల్ ఆకారపు సోఫా నేరుగా వరండా తలుపుకు అడ్డంగా ఉంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు అందులో కూర్చుంటే లేవదీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ మాటకొస్తే పాత పడక్కుర్చీలోంచీ ఆవిడ లేవలేరు, పాతదంతా పవిత్రమని నేను అనడం లేదు. అందుకే టేకు సోఫా కాళ్ల కింద దిమ్మలు వేయించి, కుంగిపోయిన స్పాంజి తీసేసి గట్టి దూది పరుపు కుట్టించాం. ఆవిడ ఇప్పుడు చేతులు ఆనించుకుని తనంతట తానే లేస్తున్నారు. గోడకు డ్రిల్లు పెడితే సున్నపు గార పొడిగా రాలుతుంది కనుక టీవీని పాత సామాన్ల సంత జుమ్మెరాత్ బజార్‌లో కొన్న పొడుగాటి బల్ల మీద పెట్టాం. కింద వరంగల్ జంపఖానా పరిచాం, దులిపితే దుమ్ము పోతుంది. ఇందులో ఏదీ పత్రికలో ఫోటో వేయదగినది కాదు, ఒప్పుకుంటాను.

ఫోటోలంటే గుర్తొచ్చింది. కెమెరాలు పట్టుకుని వచ్చే వారసత్వ ప్రేమికులు ఇంకో తెగ. కిటికీలకు దోమల మెష్ చూసి వారి మనసు గాయపడుతుందట. హిమాయత్‌నగర్ దోమలకు వారసత్వ స్పృహ లేదు మరి! నవాబుల కాలపు ప్యాలెస్ ఇర్రంమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసినప్పుడు మేమూ సంతోషించాం, కానీ ఆ భవనంలో ఎవరూ రాత్రిళ్లు పాలు కాచి పిల్లను నిద్రపుచ్చడం లేదు.

డిజైనర్‌గారి చివరి సలహా మాత్రం అన్నింటికంటే ఘనమైనది. హాలులో పొంగి పెచ్చులూడుతున్న గోడ మీద వాల్‌పేపర్ అంటించమన్నారు. ఆ గోడ ఎందుకు పొంగిందో మా వీధిలో అందరికీ తెలుసు. పంపకాలలో అవతలి సగం తీసుకున్న మా బావగారు తన వైపు సున్నపు గార కొట్టించి సిమెంటు పూత పూయించి, దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేయించారు. సున్నం తేమను పీల్చి మళ్లీ వదులుతుంది; ఆ వైపు దారి మూసేశాక గోడలోని తేమ మా వైపుకు రాక ఎక్కడికి పోతుంది? అంతటితో ఆగారా? మొజాయిక్ మీదనే విట్రిఫైడ్ టైల్స్ పరిపించారు, నేల ఎత్తు పెరిగి తలుపులు తెరుచుకోకపోతే ఆ బర్మా టేకు తలుపుల అడుగు కోయించారు. కోసిన ముక్కలు పెరట్లో వేణ్ణీళ్ల పొయ్యిలోకి పోయాయి. ఫాల్స్ సీలింగు కూడా మా వంశంలో మొదట దించింది ఆయనే. ఇప్పుడు ప్రతి ఎండాకాలం మధ్యాహ్న భోజనం కాగానే "మీ హాలులో గాలి బాగా ఆడుతుందమ్మా" అంటూ దిండు పట్టుకుని వచ్చేదీ ఆయనే.

కాబట్టి ఇన్‌బాక్స్‌లో సీలింగు కొటేషన్లు పంపవద్దు. డంగు సున్నంతో పని చేయడం వచ్చిన మేస్త్రీ గానీ, గోడలు చెక్కకుండా పైపైన చెక్క పట్టీలలో వైరింగ్ లాగగల ఎలక్ట్రీషియన్ గానీ తెలిస్తే చెప్పండి. బావగారు ఈ పోస్టు చదువుతారని నాకు తెలుసు. ఉమ్మడి గోడకు తన వైపున్న ఆ ప్లాస్టిక్ పెయింటు సంగతి ఈ ఆదివారమే తేల్చవలసిందిగా మనవి.