రక్తం పడగానే అయిపోయినట్టు కాదు

పది రోజుల్లో ఈ మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. మా హాస్టల్ గ్రూపులో రెండుసార్లు, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి నుంచి ఒకసారి, నిన్న మా వదిన నుంచి. "డేట్ దాటిందా? టెన్షన్ వద్దు, డాక్టర్ అవసరం లేదు" అని మొదలుపెట్టి, ఐదు సలహాలు చెప్పి, "ఏ ఆడపిల్లకైనా పనికొస్తుంది, పంపండి" అంటుంది. ఇక ఊరుకోలేను.

మొదటిది: పొద్దున్నే మూత్రంలో టూత్‌పేస్టు కలపాలట, నురగొస్తే కడుపొచ్చినట్టేనట. మగవాళ్ల మూత్రం కలిపినా నురగ రావచ్చు. గర్భం తెలుసుకునే కిట్ చూసేది, గర్భం వస్తే ఒంట్లో పుట్టే హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని, దాన్ని పేస్టు పట్టుకోలేదు. షాపులో కిట్ అడగడానికి మొహమాటమైతే ఆశా కార్యకర్తని అడగండి, ప్రభుత్వం ఇచ్చే ‘నిశ్చయ్’ కిట్‌కి డబ్బు అక్కర్లేదు. కిట్‌లో ఒక్క గీతే వచ్చి (అంటే గర్భం లేదని), డేట్ ఇంకా రాకపోతే వారం ఆగి మళ్లీ చూసుకోవాలి.

రెండోది బొప్పాయి, నువ్వులు, బెల్లం. ఇష్టమైతే తినండి. వాటిని నమ్ముకుని గర్భం పోతుందని వారాలు గడిపేయకండి.

మూడోది: "మెడికల్ షాపులో ఐదు మాత్రల కిట్ తెచ్చి వేసుకోండి. రక్తం పడితే అయిపోయినట్టే." నేను ఇదంతా రాస్తున్నది ఈ ఒక్క మాట కోసం.

ఆ ఐదింటిలో ఒకటి మిఫెప్రిస్టోన్, నాలుగు మిసోప్రోస్టాల్. మందుల తప్పేమీ లేదు, డాక్టర్లు రాసేవీ అవే. మన దేశంలో తొమ్మిది వారాల వరకు వాటితో గర్భస్రావానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అయితే ఆ వారాలు లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, చివరిసారి బయట చేరిన మొదటి రోజు నుంచి. డేట్ వారం దాటేసరికే దాదాపు ఐదు వారాలు. అంతకంటే ముఖ్యం, గర్భం ఎక్కడ నిలిచిందన్నది. గర్భసంచిలో కాక, దానిలోకి అండం వచ్చే ట్యూబులో నిలిస్తే ఈ మాత్రలు దాన్ని ఏమీ చేయవు. రక్తం మాత్రం పడుతుంది, గర్భసంచి లోపలి పొర ఊడి వస్తుంది కాబట్టి. అయిపోయిందనుకుంటాం. ట్యూబులో అది పెరుగుతూనే ఉంటుంది, ట్యూబు పగిలేదాకా.

మా పిన్ని కూతురికి జరిగిందిదే. షాపతను చీటీ అడగలేదు. రక్తం పడింది, గండం గడిచిందనుకుంది. పన్నెండో రోజు పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, తర్వాత భుజంలో నొప్పి. గ్యాస్ అనుకుని ఇంకో మాత్ర మింగింది. సాయంత్రం బాత్రూంలో కూలబడిపోయింది. ఆపరేషన్ చేసేసరికి కడుపు నిండా రక్తం. ట్యూబు తీసేశారు. బతికింది. ఆ పూట ఇంట్లో ఎవరూ లేకపోతే ఏమయ్యేది? ఈ మెసేజ్ రాసినవాళ్లు నాకు జవాబు చెప్పాలి.

గర్భసంచిలోనే ఉన్నా కొంత లోపల మిగిలిపోవచ్చు. గంటకి రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరమొచ్చినా, కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగకూడదు. మెసేజ్‌లో అన్ని పువ్వుల బొమ్మలు పెట్టే ఓపిక ఉన్నవాళ్లకి ఈ నాలుగు ముక్కలు రాసే ఓపిక లేకపోయిందా?

నాలుగోది: పెళ్లికాని అమ్మాయి గర్భస్రావానికి చట్టం ఒప్పుకోదట, పెళ్లైతే భర్త సంతకం కావాలట. పచ్చి అబద్ధం. 18 నిండి, మానసిక ఆరోగ్యం బాగున్న మనిషికి తన సంతకం ఒక్కటే చాలు, 1971 గర్భస్రావ చట్టం నుంచీ అంతే. 2021 సవరణ ‘భర్త’ అన్నచోట ‘భాగస్వామి’ అని మార్చింది, పేరు బయటపెట్టే డాక్టర్‌కి జైలుశిక్ష పడేలా రాసింది. కొన్ని పరిస్థితుల్లో 20 నుంచి 24 వారాల మధ్య గర్భస్రావానికి ఇచ్చే వెసులుబాటులో పెళ్లైనవాళ్లనీ కానివాళ్లనీ వేరు చేయకూడదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఐదోది, టెన్షన్ వల్ల కూడా డేట్ ఆలస్యమవుతుందని. నిజమే. థైరాయిడ్ వల్ల, పీసీఓడీ అనే అండాశయాల సమస్య వల్ల, కలిశాక గర్భం రాకుండా వేసుకునే ఐపిల్ వల్ల కూడా ఆలస్యమవుతుంది. ముందు కిట్ చూసుకున్నాకే ఆ కారణాలు వెతకాలి.

ఒక్కటి మాత్రం ఖండించలేను. "డాక్టర్ దగ్గరికెళ్తే పరువు పోతుంది" అని కూడా ఉంది అందులో. పీసీఓడీ చూపించుకుందామని ఇరవై రెండేళ్లప్పుడు ఒక హాస్పిటల్‌కి వెళ్లాను. వరుసలో పదిమంది వింటుండగా "పెళ్లైందా? మీ ఆయనేడీ?" అని గట్టిగా అడిగారు. చూపించుకోకుండానే వచ్చేశాను, మళ్లీ వెళ్లడానికి ఏడాది పట్టింది. ఆ అమ్మాయిలు షాపుకెందుకు వెళ్తున్నారో నాకు తెలుసు. అందుకే వాళ్ల మీద కోపం లేదు.

రాత్రి వదినకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "రెండు గీతలొస్తే ముందు స్కాన్ తీయించాలా?" అంది. తీయించాలన్నాను. నెమ్మదిగా మాట్లాడే లేడీ డాక్టర్ ఎవరైనా తెలుసా అంది. నంబరు పంపాను. ఎవరికోసమని అడగలేదు.