పెరటి పొయ్యి మీద తాటాకు కప్పా?

గుంటూరులో ఒక ఇంటి పెరడు. 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగా. కట్టెల పొయ్యి, వంట బల్ల, నలుగురు కూర్చునే అరుగు అన్నీ ఒకే పందిరి కింద రావాలి. మేస్త్రీ మామయ్య రాయి, సున్నం, తాటాకు అంటున్నాడు. సివిల్ ఇంజనీరు అల్లుడు కాంక్రీటు అంటున్నాడు.

అల్లుడు: మామయ్యా, కింద ఉన్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. మీ రాతి అరుగు దాని మీద నిలవదు. స్లాబు పోసేద్దాం.

మామయ్య: సన్న స్లాబైతే అంచులు లేచి నడుమ విరుగుతుంది. ముందు రేగడిని మూడడుగులు తవ్వి పారెయ్. గ్రావెల్, అదే సన్నరాళ్లు కలిసిన ఎర్రమట్టి, ఆరంగుళాల పొర చొప్పున పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టించు. ఇసుకతో మాత్రం నింపకు. అందులో నీళ్లు నిలిచి చుట్టూ రేగడిని తడుపుతూనే ఉంటాయి. పైన నాపరాయి, రాళ్ల మధ్య సందుల్లో సున్నం దర్జులు. నేల కాస్త కదిలినా సున్నం సర్దుకుంటుంది, సిమెంటు దర్జు అయితే రాయిని కూడా పగలదీస్తుంది.

అల్లుడు: గ్రావెల్‌కి సరే. కానీ మే నెలలో సున్నంతో కట్టిన గోడ గోరుతో గీకితే పిండిలా రాలుతుంది.

మామయ్య: అది ఆరబెట్టినవాడి తప్పు. పిడుగురాళ్ల రాతిసున్నాన్ని నీళ్లలో వేసి పదిహేను రోజులు నాననివ్వాలి. సున్నాన్నే నీళ్లలో వెయ్యాలి సుమా, సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే కుతకుత ఉడికి కళ్లలోకి చిందుతుంది. తర్వాత ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్లు ఇసుక. అది గాలి పీల్చి మళ్లీ రాయి కావాలి, తడి లేకపోతే పీల్చలేదు. వడగాలి తడిని లాగేసిందంటే పని అక్కడే ఆగిపోతుంది. అందుకే రెండు వారాలు తడి గోనెపట్టాలు కప్పి ఉంచమనేది.

అల్లుడు: మరి వంట బల్లకి కూడా మాచర్ల నాపరాయేనా? కోసిన నిమ్మచెక్క దాని మీద పది నిమిషాలు బోర్లించి చూడండి. చెక్క ఆనినచోట తెల్లటి గుండ్రని మచ్చ పడుతుంది, వేలు పెడితే గరుకు. ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అది మరక కాదు, రాయే కరిగింది. చింతపులుసో గోంగూరో ఒలకని రోజుందా మన ఇళ్లల్లో?

మామయ్య: దానికి కాంక్రీటెందుకురా? చీమకుర్తి గ్రానైటు కూడా కొండలో పుట్టిందే. బల్లకి అది వేసుకో.

అల్లుడు: పొయ్యి గోడకి మాత్రం అదీ వద్దు. మంట తగిలితే పెచ్చులూడుతుంది. లోపల వేడికి తట్టుకునే ఇటుక, ఫైర్ బ్రిక్. దానికి ఫైర్ క్లే అనే వేడి తట్టుకునే మట్టితో సన్న దర్జు. ఆ ఇటుకకీ బయటి రాతికీ మధ్య అరంగుళం సందు వదలాలి. వేడికి లోపలి ఇటుక పెరుగుతుంది, సందు లేకపోతే బయటి గోడ బీటలు వారుతుంది.

మామయ్య: ఒప్పుకున్నా. ఇక కప్పు తాటాకే.

అల్లుడు: కట్టెల పొయ్యి మీదా! ఒక్క నిప్పురవ్వ చాలు. పొయ్యి వైపు ఆరడుగుల మేర పెంకు వేద్దాం.

మామయ్య: రేకు కింద మే మధ్యాహ్నం ఎవడు కూర్చుంటాడు? తాటాకు ఉండాల్సిందే. వాలు 45 డిగ్రీలు పెడితే వాన నిలవదు. రెండుమూడేళ్లకోసారి మార్చుకోవాలి, అదొక్కటే.

అల్లుడు: రేకు వేద్దామని నేనెక్కడన్నాను? సరుగుడు బాదులు మాత్రం నేలలో పాతొద్దు. మట్టి మట్టం దగ్గరే తడి, చెదలు కలిసి కొరికేస్తాయి. అడుగు ఎత్తు రాతి దిమ్మెలు పెట్టి, ఇనుప పట్టీతో, బోల్టులతో బిగించాలి. నవంబరు తుపాను గాలి పందిరిని కింద నుంచి పైకి లేపుతుంది, ఒట్టి బరువుతో పందిరి ఆగదు.

మామయ్య: బాగుంది. పొయ్యి ఆగ్నేయంలోనే అంటారు ఇంటివాళ్లు, అది ముందే అనుకో.

అల్లుడు: సాయంత్రం దక్షిణాన బాపట్ల వైపు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది కదా మామయ్యా, పొగంతా అరుగు మీదకే!

మామయ్య: పొయ్యి వెనక దక్షిణాన ఐదడుగుల గోడ లేపు. పొగగొట్టం కప్పు శిఖరం కంటే రెండడుగులు పైకి పోవాలి.

అల్లుడు: గొట్టం తాటాకులోంచి ఎలా తీస్తారు?

మామయ్య: ...సరే, ఆ ఆరడుగులూ పెంకే వెయ్యి.