కంటి అంచనా గారికి

మహారాజశ్రీ కంటి అంచనా గారి దివ్యసముఖమునకు, పీణ్య ఇండస్ట్రియల్ ఏరియా, బెంగళూరు.

అయ్యా, తమరి చలవ వల్ల నా చెకుముకి తుపాకీ ఫ్రిజెన్, అంటే చెకుముకి రాయి వచ్చి తగిలే ఇనుప పలక, నిన్న బల్ల మీంచి జారి, మెడ దగ్గర రెండు ముక్కలైంది. తుపాకీ అనగానే గాభరా పడకండి. గొట్టం లేదు, రవ్వ రాల్చే పాత లాక్ ఒక్కటే. అప్పుడప్పుడూ నాలుగు నిప్పురవ్వలు రాల్చి చూసుకుందామని ముచ్చట.

రవ్వ రాలాలంటే రాయి తగిలే ముఖం గట్టిగా ఉండాలి. మెత్తటి ఇనుమైతే గీత పడుతుందే తప్ప నిప్పు పుట్టదు. అందుకే ఈ కేస్ హార్డెనింగ్ తిప్పలు: ఎముకల బొగ్గు, కట్టె బొగ్గు కూరిన పెట్టెలో ముక్కను పాతి, మూత అంచుకు మట్టి మెత్తి, 900 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి, తీసి నీళ్లలో ముంచాలి. పైపొరకు కార్బన్ పట్టి గట్టిపడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. బొగ్గు నేనే తెచ్చాను, మట్టీ నేనే మెత్తాను. వేడి ఒక్కటే తమరు కొలువున్న హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డుకు అప్పజెప్పాను.

అరచేతిలో పట్టే ముక్కకు పది కిలోల మినిమమ్ చార్జీ అన్నారు, సరే. "నాళే బన్ని సార్", రేపు రమ్మన్నారు, అదీ సరే. జాలహళ్ళి క్రాస్ ట్రాఫిక్ ఊసే ఎత్తను. కానీ ఆ కొలిమి వేడి చూపే మీటరు! అంకెలుండాల్సిన చోట "ఓపెన్" అని వెలుగుతోంది. షాపు తెరిచే ఉందని కాబోలు. కొలిమి వేడిని పసిగట్టి మీటరుకు చెప్పే థర్మోకపుల్ వైరు తెగి గోడకు వేలాడుతోంది. అడిగితే మన హిందూపురం మేస్త్రీ తమరి పేరే చెప్పాడు: "కలర్ చూస్తే తెల్సిపోతుంది సార్, ముప్పై ఏళ్ల కన్ను ఇది." షట్టర్ బార్లా తెరిచి ఉంది, మిట్టమధ్యాహ్నపు ఎండ. ఎండలో ఎరుపు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. "ఇంకా రావాల" అంటూ బర్నర్ వాల్వ్ మరికాస్త తిప్పాడు.

తమరి ఘనత కొత్తదేం కాదులెండి. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంవాళ్లు 1903 మోడల్ రైఫిల్ రిసీవర్లను, అంటే తూటా పేలే చోట ఒత్తిడి తట్టుకునే ఉక్కు భాగాలను, తమరిని నమ్ముకునే కొలిమిలో వేడిచేశారు. 1917లో అవి పగలడం మొదలయ్యాక కొలిమి వేడి కొలిచే పైరోమీటర్ పెట్టి చూశారు. తలపండిన పనివాళ్లు "సరైన వేడి" అన్నది మబ్బు రోజుకన్నా ఎండ రోజున 300 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా ఎక్కువని తేలింది. 1918లో పద్ధతే మార్చేశారు. 8,00,000 లోపు నంబరున్న స్ప్రింగ్‌ఫీల్డ్‌ను పేల్చొద్దని ఇవాళ్టికీ తెలిసినవాళ్లు హెచ్చరిస్తుంటారు.

వందేళ్లు దాటింది. ఇంకా సిగ్గు లేదా నీకు? విరిగిన చోట చూశాను, కల్లుప్పులా గరుకుగా తళతళలాడుతోంది. వేడి ఎక్కువై గ్రెయిన్, అంటే లోహంలోని రేణువులు, ఊరిపోయింది. పైగా బిల్లుకు పిన్ను కొట్టి గట్టిదనం "58 హెచ్‌ఆర్‌సీ" (రాక్‌వెల్ కొలత) అని స్టాంపేసిన సర్టిఫికెట్ ఒకటి! రాక్‌వెల్ మిషన్‌తో కొలిస్తే సూదిమొనంత గుంటైనా పడాలి. రెండు ముక్కలూ భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా గుంట లేదు. అంటే దాన్నీ నువ్వే కొలిచావన్నమాట.

ఎస్పీ రోడ్డులో కె టైప్ థర్మోకపుల్ కొన్ని వందలకే దొరుకుతుంది. నా డబ్బుతోనే కొని, నా చేత్తోనే ఆ మీటరుకు బిగిస్తా. ఆ తర్వాత ఆ షెడ్డు ఛాయల్లో నువ్వు కనిపించావో, మర్యాదగా ఉండదు.

ఇట్లు,
సగం ఫ్రిజెన్ యజమాని