ఆ పిల్లాడు కెమిస్ట్రీ క్లాసుకి వెళ్ళగలడా?

పోయిన నెల ఇక్కడ డాలస్ పక్కన ఫ్రిస్కోలో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఒక పెద్దాయన మా అబ్బాయి భుజం తట్టి, నా వైపు తిరిగి, "ఏంటి తమ్ముడూ, బంగారం లాంటి పిల్లాణ్ణి ఆ కుమ్ములాటలో పడేశావంట? వాడి చదువు ఏం కావాలి?" అన్నారు. ప్రేమగానే అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. మా వాడు మాత్రం ప్లేట్లో పులిహోర కెలుకుతూ తల దించుకున్నాడు. అది చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇవాళ రాస్తున్నాను.

మా వాడు పదకొండో క్లాసు. స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీములో కిక్కర్. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళ కోసం ఒక మాట: ఇది మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు, ఎదురొచ్చినవాణ్ణి గుద్ది పడేస్తారు. కాలితో తన్నే పని ఒకరిద్దరికే. చిన్నప్పటి నుంచి సాకర్ ఆడిన కాలు కాబట్టి కోచ్ వీణ్ణి పిలిచాడు. సాయంత్రాలు వాడు 40 గజాల దూరం నుంచి తన్నుతుంటే గోల్‌పోస్టు వెనక నిలబడి బంతులు ఏరి తెచ్చేది నేనే. బూటు తగిలిన చప్పుడు బట్టే బంతి రెండు కర్రల మధ్య నుంచి పోతుందో లేదో ఇప్పుడు నాకు తెలిసిపోతుంది. సరిగ్గా తగిలితే లోతుగా 'ధబ్' మంటుంది. పక్కకి తగిలితే చెంపదెబ్బలా మోగుతుంది.

నేను ఇంటర్ చదివింది విజయవాడలో, అద్దె భవనంలో నడిచే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. గ్రౌండ్ లేదు. పొద్దున అయిదింటికి స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. ఆ రెండేళ్ళలో ఒక్క సాయంత్రమైనా మట్టి మీద పరిగెత్తిన గుర్తు లేదు. అందుకే "ఆటలాడితే చదువు పోతుంది" అనే మాట ఎవరన్నా నాకు గుచ్చుకుంటుంది. ఇక్కడికొచ్చి పాతికేళ్ళు ఉన్నవాళ్ళు కూడా అదే అంటారు. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళంటే చదువు రానివాళ్ళని మనవాళ్ళలో గట్టి నమ్మకం. టెక్సాస్‌లో 1984 నుంచి ఒక చట్టం ఉంది: సబ్జెక్టులో 70 మార్కులు రాకపోతే కొన్ని వారాల పాటు మ్యాచ్ ఆడనివ్వరు. మా వాడు హిస్టరీ పరీక్షకి టెన్షన్ పడేది మా భయంతో కాదు, శుక్రవారం రాత్రి మ్యాచ్ పోతుందన్న భయంతో. ఈ సంగతి పెద్దాయనకి తెలియదు.

ఆయనకి చెప్పాలనుకున్న మొదటి పేరు అలన్ పేజ్. ఒహాయోలోని క్యాంటన్ ఆయన ఊరు. కుర్రతనంలో ఆ ఊళ్ళో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్ళకి సభ్యత్వమిచ్చి గౌరవించే చోటు) భవనం కడుతుంటే అక్కడ కూలి పనికి వెళ్ళాడు. నోటర్‌డామ్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చదివాడు, 1966లో దేశంలో నంబర్ వన్ అయిన వాళ్ళ టీములో ఆడాడు. తర్వాత మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరి 1971లో ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్, మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడు అనిపించుకున్నాడు. డిఫెన్స్ వైపు ఆడేవాడికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. అక్కడితో ఆగలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడుతూనే లా చదివి 1978లో డిగ్రీ తీసుకున్నాడు. కుర్రాడిగా కూలి చేసిన ఆ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1988లో సభ్యుడిగా వెళ్ళాడు. 1993 నుంచి 2015 దాకా మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి, ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి. ఇంత చదివినవాణ్ణి పట్టుకుని కుమ్ములాట మనిషి అందామా?

ఆండ్రూ లక్ సంగతి చూడండి. స్టాన్‌ఫర్డ్ క్వార్టర్‌బ్యాక్, అంటే టీముని నడిపిస్తూ బంతి విసిరేవాడు. 2010 సీజన్ అయ్యాక బయటికి వస్తే, ఎన్‌ఎఫ్‌ఎల్ టీములు ఏటా కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునేటప్పుడు మొదటి నంబరుకే ఇతన్ని తీసుకుంటారని అందరూ అనుకున్నారు. కోట్ల డాలర్లు గుమ్మంలో నిలబడి ఉన్నాయి. అతను వెళ్ళలేదు. ఇంకో ఏడాది క్యాంపస్‌లోనే ఉండి ఆర్కిటెక్చరల్ డిజైన్ డిగ్రీ పూర్తి చేశాడు. 2012లో అనుకున్నట్టే మొదటి నంబరుకే ఇండియానాపోలిస్ టీము తీసుకుంది. 2019లో ఆట మానేశాక మళ్ళీ స్టాన్‌ఫర్డ్‌కే వచ్చి ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేశాడు. 2024 నవంబర్ నుంచి అక్కడి ఫుట్‌బాల్ టీముకి జనరల్ మేనేజర్. మన ఇళ్ళలో ఏ పిల్లాడైనా కోట్ల ఆఫర్ పక్కన పెట్టి డిగ్రీ పూర్తి చేస్తానంటే ఊరంతా చెప్పుకుంటాం. ఇతను ఫుట్‌బాల్ ఆడాడు కాబట్టి మనకి తెలియలేదు.

ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. మిషిగన్ టీములో సెంటర్‌గా ఆడిన జెరాల్డ్ ఫోర్డ్ యేల్‌లో లా చదివి దేశాధ్యక్షుడయ్యాడు. ఆ మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. రోడ్డు దాటితే ప్రపంచంలో పేరున్న ల్యాబులు. 2023 సీజన్‌లో దేశ చాంపియన్లు కూడా వాళ్ళే. 2024 అక్టోబర్ 5న చదువుకే ఎక్కువ పేరున్న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ అప్పటి నంబర్ వన్ అలబామాని 40–35తో ఓడించింది. విద్యార్థులు గోల్‌పోస్టు పీకి నాష్‌విల్ వీధుల్లో మోసుకెళ్ళి కంబర్లాండ్ నదిలో పడేశారు. ఆ రాత్రి మా వాడు నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు.

అయినా పెద్దాయన భయంలో ఒక నిజం ఉంది. దాన్ని దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు.

నార్త్ కరోలినా యూనివర్సిటీ, చాపెల్ హిల్. దేశంలో మంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఒకటని అందరూ ఒప్పుకుంటారు. 2014లో వచ్చిన విచారణ నివేదిక ఏం తేల్చిందంటే, అక్కడ 18 ఏళ్ళ పాటు ఉత్తుత్తి క్లాసులు నడిచాయి. క్లాసుకి వెళ్ళక్కర్లేదు, ప్రొఫెసర్ ఉండడు, చివర్లో ఒక పేపర్ రాసి ఇస్తే చాలు. చాలాసార్లు దానికి మార్కులు వేసింది ఆ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో పనిచేసే ఉద్యోగి. 3,100 మందికి పైగా విద్యార్థులు ఆ క్లాసులు తీసుకున్నారు. వాళ్ళలో దాదాపు సగం మంది ఆటగాళ్ళు. తీరా 2017లో ఎన్‌సీఏఏ, అంటే కాలేజీ ఆటలని నడిపే సంస్థ, శిక్ష వేయలేకపోయింది. ఆ క్లాసులు ఆటగాళ్ళకే కాకుండా అందరికీ తెరిచి ఉన్నాయి కాబట్టి తమ నిబంధన కిందకి రాదంది. ఆ పిల్లలకి యూనివర్సిటీ పేరున్న పట్టా ఇచ్చారు. ఆ పట్టా వెనక ఉండాల్సిన చదువు ఇవ్వలేదు. ఇది చదివిన రోజు కోపంతో నాకు అన్నం సయించలేదు. ర్యాంకు చూసి పిల్లల్ని పంపే మనలాంటి తల్లిదండ్రులకి అది ఎలా తెలుస్తుంది? ర్యాంకులో అది కనిపించదు.

నార్త్‌వెస్టర్న్ కథ ఇంకో రకం. అక్కడ మోసం లేదు. చదువు నిజంగానే గట్టిది. అక్కడి క్వార్టర్‌బ్యాక్ కెయిన్ కోల్టర్ డాక్టర్ అవ్వాలనుకున్నాడు. దానికి కెమిస్ట్రీ కావాలి. ఆ క్లాసు టైమూ ప్రాక్టీసు టైమూ ఒకటే అయ్యాయి. క్లాసు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది, చివరికి డాక్టర్ చదువే వదిలేసుకున్నాడు. 2014లో అతను, తోటి ఆటగాళ్ళు యూనియన్ పెట్టుకుంటామని కార్మిక బోర్డుకి వెళ్ళి ఈ సంగతి చెప్పారు. సీజన్‌లో వాళ్ళు ఆటకే వారానికి 40 నుంచి 50 గంటలు పెడుతున్నారని షికాగోలోని బోర్డు అధికారి తేల్చాడు, వాళ్ళు ఉద్యోగులేనని తీర్పిచ్చాడు. ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం మాత్రం వారానికి 20 గంటలే. తర్వాతి ఏడాది పై బోర్డు ఈ కేసు తమ పరిధిలోకి తీసుకోమని పక్కన పెట్టేసింది.

నాకు ఆ కెమిస్ట్రీ క్లాసు దగ్గరే ప్రాణం ఆగిపోతుంది. గొప్ప టీము ఉంది, గొప్ప డిపార్ట్‌మెంట్ ఉంది, రెండూ ఒకే కాంపౌండులో ఉన్నాయి. ఒకే పిల్లాడికి మాత్రం రెండూ దొరకలేదు. యూనివర్సిటీలు ముఖం నిండా చిరునవ్వుతో అచ్చు వేసే బ్రోషర్లలో "మా ఫుట్‌బాల్, మా చదువు" అని పక్కపక్కనే రెండు ఫొటోలు వేస్తాయి. నాకు ఆ రెండు ఫొటోలు అక్కర్లేదు. ఆ హెల్మెట్ పెట్టుకున్నవాడే ఆ ల్యాబ్ కోటు వేసుకోగలడా లేదా, అదొక్కటి చెప్పండి.

ఈ గొడవ ఎందుకు, ఆటే తీసేస్తే పోలా అనేవాళ్ళూ ఉన్నారు. ఒకరు నిజంగానే తీసేశారు. షికాగో యూనివర్సిటీ ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో పెద్ద పేరు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా మేటి ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ మొట్టమొదటిది, 1935లో, వాళ్ళ జే బెర్వాంగర్‌దే. 1939లో మిషిగన్ చేతిలో 85–0తో ఓడారు. ఆ డిసెంబర్‌లోనే ప్రెసిడెంట్ రాబర్ట్ హచిన్స్ ఫుట్‌బాల్ రద్దు చేశాడు. ఖాళీ అయిన స్టేడియం గ్యాలరీ కింద 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మి బృందం ప్రపంచంలో మొదటిసారి మనిషి అదుపులో అణు గొలుసు చర్య నడిపింది. మనవాళ్ళు ఇది వింటే "చూశావా, ఆట పోయాకే సైన్స్ వచ్చింది" అంటారు. కానీ 1969లో అదే యూనివర్సిటీ ఫుట్‌బాల్‌ని తిరిగి తెచ్చుకుంది, స్కాలర్‌షిప్పులు లేని చిన్న స్థాయిలో. ఆటకి అక్కడ ఎంత చోటివ్వాలో వాళ్ళకి అర్థమైంది. ఐవీ లీగ్‌ది కూడా ఇంచుమించు అదే దారి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లలో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు, ఇంటి ఆదాయాన్ని బట్టే సాయం. మధ్యలో ఆట మానేసినా ఆ సాయం పోదు. నాకు ఇది చాలా గౌరవంగా అనిపిస్తుంది.

పెద్ద టీముల దగ్గర గాలి ఇప్పుడు ఎదురు తిరుగుతోంది. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బు ఇవ్వచ్చు. పిల్లలకి డబ్బు రావడం న్యాయమే. వాళ్ళ ఒళ్ళు హూనం చేసుకుంటుంటే అందరూ సంపాదించారు, వాళ్ళు తప్ప. టీవీ డబ్బు కోసం కాన్ఫరెన్సులు, అంటే యూనివర్సిటీలు తమలో తాము ఆడుకునే లీగులు, మార్చడం మాత్రం న్యాయం కాదు. పసిఫిక్ తీరంలో ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ 2024 నుంచి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో ఆడుతున్నాయి. ఫుట్‌బాల్ టీముకి వారానికి ఒక మ్యాచే, అదీ ఎక్కువగా శనివారం. వాళ్ళు ఎలాగో సర్దుకుంటారు. వారం మధ్యలో దేశం ఈ చివర నుంచి ఆ చివరకి విమానమెక్కే వాలీబాల్ అమ్మాయి మిడ్‌టర్మ్ ఎప్పుడు రాస్తుంది? ఫుట్‌బాల్ డబ్బు కోసం చేసిన పనికి చదువు పోగొట్టుకునేది ఆ పిల్ల.

దెబ్బల సంగతి కూడా చెప్పాలి, రాత్రిళ్ళు మా ఆవిడ అడిగేది అదే కాబట్టి. పెన్ స్టేట్‌లో ఆడిన జాన్ ఉర్షెల్ అక్కడ ఆటగాడిగా ఉండగానే లెక్కల క్లాసు చెప్పాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడుతూ ఎంఐటీలో పీహెచ్‌డీలో చేరాడు. 2017 జులైలో ఒక అధ్యయనం వచ్చింది. చనిపోయాక దానంగా ఇచ్చిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళు చూస్తే 110 మందిలో సీటీఈ, అంటే తలకి పదేపదే దెబ్బలు తగిలి వచ్చే మెదడు జబ్బు, కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా ఇస్తాయి కాబట్టి అందరికీ అదే లెక్క అని కాదు. అయినా ఆ అంకె చిన్నది కాదు. రెండు రోజులకే ఉర్షెల్ ఆట మానేశాడు, 26 ఏళ్ళకి. ఇవాళ ఎంఐటీలోనే ప్రొఫెసర్. ఆ రోజు మానేసి వెళ్ళడానికి అతనికి ఇంకో ఇల్లుంది. నిజమైన చదువు చెప్పించారు కాబట్టి ఉంది. నార్త్ కరోలినాలో ఆ ఉత్తుత్తి పేపర్లు రాసిన పిల్లాడికి అలాంటి రోజు వస్తే ఎక్కడికి వెళ్తాడు?

ఈ వేసవిలో మేం రెండు క్యాంపస్‌లు చూసొచ్చాం. మొదటిచోట కోచ్ మాకు జిమ్ చూపించాడు, లాకర్లు చూపించాడు, ఒక్కో లాకర్‌కి ఆటగాడి పేరు వెలుగుతోంది. "మీ దగ్గర నాలుగేళ్ళు ఆడి ఇంజనీరింగ్ పూర్తి చేసినవాళ్ళు ఎంతమంది?" అని అడిగాను. "మా అకడమిక్ సెంటర్ చాలా గొప్పదండి" అన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అన్నాడు.

రెండోచోట టీము అంత పెద్దది కాదు. గ్రౌండ్ పక్కన గడ్డి మీద నిలబడే మాట్లాడాం. కోచ్ నాతో కాకుండా వాడితో మాట్లాడాడు. ఏం చదువుతావని అడిగితే కెమికల్ ఇంజనీరింగ్ అన్నాడు మా వాడు. కోచ్ ఫోన్ తీసి ఏదో వెతికి, మూడో సంవత్సరం ల్యాబులు మధ్యాహ్నం ఉంటాయని, ఆ రోజు కిక్కర్లు ఆలస్యంగా వచ్చి విడిగా ప్రాక్టీసు చేసుకోవచ్చని, పోయినేడు ఒకబ్బాయి అలాగే చేశాడని చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. హైవే ఎక్కాక మా వాడు అన్నాడు: "నాన్నా, ఆయన నేను ఎన్ని గజాలు తన్నగలనో ఇంకా అడగనే లేదు. ముందు ల్యాబ్ ఏ రోజో చూశాడు."